పిచ్చుకపై బ్రహ్మాస్త్రం

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయరాదని మన పెద్దల మాట. యీ సామెత వినని తెలుగువారు వుండరు. అయితే ముప్ఫై యేళ్ళకు పైగా ఆడుతున్న ఒక పేకాటలో ఆరితేరినవారు దీనికి సరిగ్గా యెదురుమాట చెబుతారు. పిట్ట కనబడితే పిడుగు వేయి, వెనకాడకు – అని వారి బోధ. యెవరి మాట పట్టుకోవాలన్న సంగతి మా యింట్లో ఆరు నెలలుగా నలుగుతున్నది. ఆ తర్కం చదువరులకు కూడా కాస్త కాలక్షేపంగా వుంటుందని వ్రాస్తున్నాము.

ఆ ఆట పేరు మేజిక్: ది గేదరింగ్. అమెరికాలో గణితశాస్త్రం చదివిన రిచర్డ్ గార్ఫీల్డ్ కల్పించగా, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ 1993లో అచ్చు వేసింది. మన పేకలో మాదిరి 52 ముక్కలూ అందరికీ ఒకటే కావు. వేలకొద్దీ రకాలు అచ్చయినవి. వాటిలో కావలసినవి యేరుకొని, తక్కువలో తక్కువ 60 ముక్కల కట్ట కట్టుకొని రావాలి. ఒకే పేరుగల ముక్క నాలుగుకు మించి పనికిరాదు. మామూలు నేల ముక్కలు మాత్రం యెన్నైనా పెట్టుకోవచ్చు. ఆడేది యిద్దరు. ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. మొదట యేడేసి ముక్కలు చేతికి తీసుకొని, తరువాత వంతుకొక ముక్క లాగుతూ, వంతుకొక నేల ముక్క పరుస్తూ, ఆ నేల యిచ్చే బలంతో జీవులను దింపుతారు, మంత్రాలు వేస్తారు. ఆ బలానికి మానా అని పేరు. యెదుటివాని 20 ప్రాణాలూ ముందుగా తీసినవాడు గెలిచినట్టు. తక్కిన నిబంధనలన్నీ వ్రాయబోతే యీ సంచిక చాలదు గనుక యిక్కడ ఆపుతున్నాము.

మా విచారణకు వచ్చిన ముక్క పేరు లైట్నింగ్ బోల్ట్. మేము పిడుగు అంటాము. 1993 నాటి మొట్టమొదటి అచ్చులోనే వున్న ముక్క. అప్పటి బొమ్మ వేసినవాడు క్రిస్టఫర్ రష్. ఒక్క యెర్ర మానా, అనగా ఒకే ఒక్క కొండ యిచ్చే బలం, ఖర్చు పెడితే కోరిన గురికి మూడు దెబ్బలు. యెదుటి మనిషికి వేయవచ్చు, అతని జీవికి వేయవచ్చు. మన వంతులో వేయవచ్చు, అతని వంతులోనూ వేయవచ్చు. వేసిన తరువాత ఆ ముక్క పోయినట్టే.

యింత వయసులో మాకీ ఆట యెందుకంటారా? మాది మూడు తరాలుగా తమిళనాట స్థిరపడిన కుటుంబం. మా మనవడికి పన్నెండేళ్ళు. వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. తెలుగు వాడికి అవ్వను అన్నం అడగడానికీ, చుట్టాలు వస్తే బాగున్నారా అనడానికీ మాత్రమే మిగిలింది. యిటువంటి పిల్లలు యీ పత్రిక చదివే యిండ్లలో చాలామంది వున్నారని మాకు తెలుసు. వాడు ఆట తెచ్చి మాకు నేర్పబోయినప్పుడు ఆ ఇంగ్లీషు మాటలు మాకు నోరు తిరగలేదు. మెల్లగా ల్యాండ్ నేల అయింది, మౌంటెన్ కొండ అయింది, క్రీచర్ జీవి అయింది. డ్యామేజీని మేము దెబ్బ అన్నాము. టఫ్‌నెస్ అనేదానికి అవ్వ ఓర్పు అని పేరు పెట్టింది. అన్నం అడగడానికి నాలుగు మాటలు చాలు. యీ పిడుగు యిప్పుడెందుకు వేయరాదో చెప్పాలంటే మాత్రం అయితే, వుంటే, లేకపోతే, అయినా సరే – యివన్నీ నోట పలకాలి. వాడు తెలుగులో వాదించడం మేము మొదటిసారి విన్నది యీ ముక్కల దగ్గరనే. కాబట్టి ఆట మీద మా ఆసక్తిలో కొంత స్వార్థం వున్నది.

గడచిన వేసవిలో వాడొక ప్రతిపాదన తెచ్చాడు. “తాతా, కట్టలోంచి నాలుగు పిడుగులూ తీసేస్తా. మూడు దెబ్బలు యే మూలకు? ఆ చోటులో పెద్ద పెద్ద జీవులను పెడతా,” అన్నాడు. వద్దని ఒక్క మాట అనేస్తే తీరిపోయేది. కాని వాదన వుంటేనే గదా మాకు లాభం! జీవితమంతా జమాఖర్చు పుస్తకాలతో గడిపినవారము గనుక, సరే, ముందు దాని ధర కడదాము రమ్మన్నాము.

ఆ మొదటి అచ్చులో ఐదు రంగులకూ ఐదు ముక్కలు అక్కాచెల్లెళ్ళ లాంటివి వున్నవి. ప్రతిదానికీ ఒక్క మానాయే ఖర్చు. ప్రతిదీ యేదో ఒకటి మూడు యిస్తుంది. తెల్లది హీలింగ్ సాల్వ్ – మూడు ప్రాణాలు యిస్తుంది, లేదా మూడు దెబ్బలు ఆపుతుంది. నీలిది యాన్సెస్ట్రల్ రీకాల్ – మూడు ముక్కలు లాగనిస్తుంది. నల్లది డార్క్ రిచువల్ – ఒక మానా పెడితే మూడు మానాలు. పచ్చది జయంట్ గ్రోత్ – ఒక జీవికి ఆ వంతుకు దెబ్బలో మూడు, ఓర్పులో మూడు కలుపుతుంది. యెర్రది మన పిడుగు. అంకె ఒకటే, ధర ఒకటే. కాని నీలి ముక్కను ఆటలో వాడదగిన విధంగా 1993 తరువాత మళ్ళీ అచ్చు వేయనే లేదు. దానిని రానిచ్చే పోటీలలో కూడా కట్టకు ఒక్కటే అనుమతి. తెల్ల ముక్కనేమో యెవరూ పట్టించుకోరు. మూడు అనే అంకెను మాత్రమే చూచి వెలకట్టేవాడు యిక్కడే బోర్లా పడతాడు.

తరువాత దాని దాయాదులను వరుసగా పేర్చాము. 1998లో షాక్ అనే ముక్క వచ్చింది: అదే ఖర్చు, రెండే దెబ్బలు. 2013లో లైట్నింగ్ స్ట్రైక్ వచ్చింది: మూడు దెబ్బలే, ఖర్చు రెండు మానాలు. పిడుగుకు ఒక వైపు ఒక మెట్టు తగ్గితే షాక్, యింకొక వైపు ఒక మెట్టు తగ్గితే స్ట్రైక్. మూల సంపుటాలలో 1995 తరువాత పిడుగు కనబడలేదు. 2009లోగాని తిరిగి రాలేదు. ఆ పద్నాలుగేళ్ళలో యెక్కువ కాలం దాని పీట మీద కూర్చున్నది షాక్. అచ్చు వేసినవారే ఒక మానాకు మూడు దెబ్బలు యెక్కువని జంకారనుకోవడానికి యిది మాకు చాలిన సాక్ష్యం.

యింకొక రెండు దాయాదులున్నవి. వాటిని చూడగానే మాకు పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్న సామెత జ్ఞాపకం వచ్చింది. 2004 నాటి లావా స్పైక్ కూడా ఒక మానాకు మూడు దెబ్బలే, కాని జీవుల మీద పని చేయదు. 2010 నాటి ఫ్లేమ్ స్లాష్ ఒక మానాకు నాలుగు దెబ్బలు, కాని మనిషి మీద పని చేయదు. పైగా రెండూ మన వంతులోనే వేయాలి. మన సామెతలో ఒకే మంత్రం అన్నది యెగతాళి. యీ ఆటలో అదే యోగ్యత. ఫ్లేమ్ స్లాష్‌లో ఒక దెబ్బ అదనంగా వున్నా, అందరూ ముందుగా కట్టలో పెట్టుకొనేది పిడుగునే. గురి మార్చుకొనే వీలు ఆ ఒక్క దెబ్బ కంటె ఖరీదైనదన్న మాట.

“అయితే తాతా, మనిషికి వేయాలా, జీవికి వేయాలా?” అన్నాడు వాడు. మేము అడగాలనుకున్న ప్రశ్న వాడే అడిగాడు.

లెక్క చూడండి. 20 ప్రాణాలకు మూడేసి చొప్పున ఆరు పిడుగులు వేస్తే 18, యింకా రెండు మిగులుతాయి. కాబట్టి యేడు కావాలి. మనకు వుండేది నాలుగే. నాలుగూ చేతికి వచ్చి నాలుగూ మనిషికే తగిలినా 12. తక్కిన ఎనిమిదీ జీవులే కొట్టాలి. అసలు నాలుగూ చేతికి రావడమన్నది కల. 60 ముక్కలలో నాలుగు వుంటే, మొదటి యేడు ముక్కలలో ఒకటైనా వచ్చేది నూటికి నలభై సార్లు మాత్రమే. పది ముక్కలు చూచేసరికి 53. కాబట్టి చేతికి వచ్చిన ఒక్క పిడుగును యెక్కడ వేస్తే యెక్కువ రాబడి అని చూడాలి. మన జీవి ఒకటి రెండు దెబ్బలు కొట్టగలది వున్నదనుకోండి. యెదుట మూడు ఓర్పు గల జీవి అడ్డం నిలబడి దానిని కదలనివ్వడం లేదు. పిడుగును మనిషికి వేస్తే మూడు ప్రాణాలు, అంతటితో సరి. అడ్డం నిలిచినదానికి వేస్తే మన జీవి వంతుకు రెండు చొప్పున కొడుతుంది. ఒక వంతే ఆట మిగిలి వుంటే రాబడి రెండు, మనిషికి వేయడమే మేలు. రెండు వంతులుంటే నాలుగు. నాలుగు వంతులుంటే ఎనిమిది! మళ్ళీ యెవరూ అడ్డం రాకపోతేనే అనుకోండి. పిడుగు వెల ముక్క మీద అచ్చు వేసి లేదు; యింకా యెన్ని వంతులు ఆట నడుస్తుందన్నదే దాని వెల. మా మనవడు దీనిని వడ్డీ లెక్క అన్నాడు. బడిలో అప్పుడే అది చెబుతున్నారట.

యిప్పుడు పిట్ట సంగతి. బర్డ్స్ ఆఫ్ ప్యారడైజ్ అనే పచ్చ జీవి వున్నది. అదీ 1993 నాటిదే. ఖర్చు ఒక మానా. దెబ్బ సున్న, ఓర్పు ఒకటి. పిచ్చుక కంటె అధ్వాన్నం. కాని మరుసటి వంతు నుంచి అది కోరిన రంగులో ఒక మానా యిస్తుంది. యెదుటివాడు మొదటి వంతులో పిట్టను దింపితే, రెండవ వంతులో వానికి రెండు నేలలూ ఒక పిట్టా కలిసి మూడు మానాలు. మూడవ వంతులో రావలసిన జీవి రెండవ వంతులోనే వచ్చి కూర్చుంటుంది. అక్కడ నుంచి ఆట ముగిసేదాకా వాడొక అడుగు ముందు. పైగా చాలామంది పిట్ట వున్నది గదా అని నేల ముక్కలు ఒకటి రెండు మాత్రమే వున్న చేతిని కూడా పట్టుకొని కూర్చుంటారు. ఆ పిట్ట పోతే వారి బండి కదలదు. ఒక ఓర్పు గలదానికి మూడు దెబ్బలు వేస్తే రెండు దండుగ అంటాడు కొత్తవాడు. ఆ రెండూ దండుగే. అయినా వేయాలి, మొదటి వంతులో ఆట అంతా మిగిలే వున్నది గనుక. అదే పిట్ట పదవ వంతులో వస్తే దాని జోలికి పోనక్కరలేదు. అప్పటికి యిద్దరికీ నేలలు నిండుగా వుంటాయి. వాడికి యింకొక మానాతో పనేమిటి? మన సామెత అప్పుడు సరిగ్గా సరిపోతుంది.

తొలినాళ్ళలో దీనికంటె ఘోరమైనది ఒకటి వుండేది. మొదటి వంతులోనే ఆ నల్ల అక్కను, డార్క్ రిచువల్‌ను వేసి, వచ్చిన మూడు మానాలతో హిప్నోటిక్ స్పెక్టర్ అనే యెగిరే దెయ్యాన్ని దింపేవారు. అది తగిలినప్పుడల్లా మన చేతిలోంచి ఒక ముక్క, యేదో తెలియకుండా, పోతుంది. నాలుగు వంతులకు చేయి ఖాళీ. దాని ఓర్పు రెండే. చేతిలో పిడుగు వున్నవాడు ఒక కొండ పరచి, ఒక మానా పెట్టి దానిని పడగొడితే, అతనికి పోయింది రెండు ముక్కలు, మనకు పోయింది ఒకటి. యిటువంటి బేరం బజారులో దొరకదు.

కర్ణుని శక్తి కథ యిక్కడనే వచ్చింది. కవచకుండలాలు కోసి యిచ్చినందుకు ఇంద్రుడు యిచ్చిన అస్త్రం అది. ఒక్కసారే పని చేస్తుంది. అర్జునుని కోసమని కర్ణుడు యెన్నాళ్ళో దాచుకున్నాడు. పద్నాలుగవ నాటి రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చీల్చి చెండాడుతుంటే, సేన అంతా కర్ణుని మీద పడి ఆ శక్తి వేయమని మొరపెట్టింది. వేశాడు. ఘటోత్కచుడు కూలాడు. పాండవులందరూ ఏడుస్తుంటే కృష్ణుడు మాత్రం ఆనందంతో గంతులు వేశాడు. చిన్నప్పటి నుంచీ మేము యీ ఘట్టాన్ని కర్ణుని దురదృష్టంగానే విన్నాము. మా మనవడు మాత్రం, “ఆ రాత్రి కౌరవులకు యెన్ని ప్రాణాలు మిగిలినవి తాతా? ఘటోత్కచుణ్ణి వదిలేస్తే తెల్లారేదాకా వుండేవారా?” అని అడిగాడు. వుండేవారు కారేమో అన్నాము. “అయితే కర్ణుడు సరిగానే వేశాడు. అర్జునుడి దాకా వంతు రావాలి గదా,” అన్నాడు. భారతాన్ని యిన్నిసార్లు విన్న మాకు దానికి జవాబు తోచలేదు. అవ్వ మాత్రం వంటింట్లోంచి, “తురుపు దాచుకుంటే తురుపే. దాచుకున్నంతలో ఆట అయిపోతే అది వట్టి కాగితం,” అన్నది. ఆమెకు రమ్మీలోనూ తురుపాటలోనూ యిప్పటికీ యెదురు లేదు.

వంతులు మిగలనప్పుడు యేమి చేయాలో చూపడానికి ఒక పోటీ వున్నది. 2006లో హోనలూలూలో జరిగిన ప్రో టూర్ సెమీఫైనల్. ఇంగ్లండుకు చెందిన క్రెయిగ్ జోన్స్, ఫ్రాన్సుకు చెందిన ఒలివియే రుయెల్. రుయెల్‌కు యేడు ప్రాణాలున్నవి. అతని జీవులు మరుసటిసారి కొడితే జోన్స్ పని సరి. జోన్స్ చేతిలో వున్నది చార్ అనే ముక్క – నాలుగు దెబ్బలు వేస్తుంది, వేసినవానికీ రెండు తగులుతాయి. దానిని ఒక జీవి మీద వేసి కాలం గడుపుకోవాలని యెవరికైనా అనిపిస్తుంది. అతడు మనిషికే వేశాడు. రుయెల్‌కు మూడు మిగిలినవి. తరువాత లాగిన ముక్క లైట్నింగ్ హెలిక్స్: మూడు దెబ్బలు! ఫైనల్‌లో జోన్స్ మార్క్ హెర్బర్‌హోల్జ్ చేతిలో ఓడిపోయాడు. అయినా యీనాటికీ జనం చెప్పుకొనేది ఆ సెమీఫైనల్ ముక్కనే. అందరూ అదృష్టం అంటారు. ముక్క రావడం అదృష్టమే. వచ్చిన ముక్కకు మూడు ప్రాణాలే మిగిలి వుండేటట్టు ముందుగా ఆట నడుపుకోవడం అదృష్టం కాదు.

యీ రెండు పాత్రల భేదాన్ని మైక్ ఫ్లోర్స్ 1999లో ఒక వ్యాసంగా వ్రాశాడు. యే ఆటలోనైనా ఒకడు తరుముతాడు, ఒకడు కాచుకుంటాడు; తానెవరో తెలియనివాడు ఓడిపోతాడని దాని సారం. మేము తాతామనవలం దానిని అక్షరం విడవకుండా తెలుగులో చెప్పుకున్నాము, రెండు శనివారాలు పట్టింది.

సభను బట్టి కూడా వెల మారుతుంది. కమాండర్ అనే పద్ధతిలో సాధారణంగా నలుగురు కూర్చుంటారు. తలకు 40 ప్రాణాలు. కట్టకు 100 ముక్కలు, మామూలు నేలలు తప్ప యే ముక్కైనా ఒక్కటే. యెదుట ముగ్గురికీ కలిపి 120 ప్రాణాలుంటే మన మూడు దెబ్బలు నలభయ్యవ వంతు. అక్కడ పిడుగుతో మనిషిని కొట్టేవాణ్ణి చూచి నవ్వుతారు. ఖర్చు విషయానికి వస్తే, పిడుగు సామాన్య రకంగానే మొదట అచ్చయింది. 1993 నాటి కాగితం కావాలంటే చాలా సొమ్ము పోయాలి గాని, తరువాతి అచ్చులలోని ముక్క కూడా ఆటలో అంతే చెల్లుతుంది. పాపర్ అనే పద్ధతిలో సామాన్య రకం ముక్కలు తప్ప మరేవీ పనికిరావు. అక్కడా పిడుగుకు ప్రవేశం వున్నది. పిల్లవాడు ఆట పేరుతో యింటి డబ్బు పారబోస్తాడని భయపడే తల్లిదండ్రులు ఆ పద్ధతి గురించి కనుక్కోవడం మంచిది. మేము మా కోడలికి చెప్పి ఒప్పించింది యీ ఒక్క కారణం మీదనే.

వాడు పిడుగులు తీయలేదు. దసరా సెలవులలో వాడి బావ, అనగా మా కూతురి కొడుకు, హోసూరు నుంచి వచ్చాడు. అతడు కాలేజీ కుర్రవాడు, పచ్చ కట్ట, మొదటి వంతులోనే పిట్ట. మావాడు ఒక కొండ పరచి పిడుగు వేశాడు. బావ నవ్వి, “ఒరే, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా!” అన్నాడు, అదీ తెలుగులోనే. తరువాత మూడు వంతులు అతనికి నేల దొరకలేదు. రెండవ ఆటలో బావే గెలిచాడు. మూడవది భోజనాలకు పిలవడంతో ఆగిపోయింది.

యిప్పుడు మా యింట్లో తగవు ఫ్లేమ్ స్లాష్ మీద నడుస్తున్నది. నాలుగూ పెట్టమని మేము అన్నాము. “నాలుగు దెబ్బలే, కాదనను తాతా. కాని మనిషికి వేయలేము. చివరి వంతులో అదే చేతిలో వుంటే యేం చేస్తాము? పెడితే రెండు పెడదాము, లేకపోతే అసలు వద్దు,” అన్నాడు. రెండు పెట్టి చూస్తున్నాము.